పాత కారుకు ఇంజను బ్లాకు

బెంగుళూరు నుండి హైదరాబాదుకు సాగే 44వ జాతీయ రహదారిలో పెనుకొండ వద్ద రెండు కాలాలు ఒకదానికొకటి పొరుగున నిలిచి ఉన్నాయి. మొదటిది, 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండ కోట. రెండవది, సమీపంలోని ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారం. కొత్త కారు ఇంజను పాడయితే కంపెనీవారే విడిభాగం తెప్పించి బిగిస్తారు. కారును తయారుచేసిన కర్మాగారమే మూతపడితే దారి ఏమిటి? అంబాసిడరు కారు విషయంలో జరిగినది ఇదే. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో దాని ఉత్పత్తి 2014లో ఆగిపోయింది.

హిందూపురంలో ఒక ఇంటి కొట్టంలో 1968 నాటి అంబాసిడరు ఉన్నదనుకుందాం. తాతగారు కొన్న బండి. చాలా కాలంగా కదలలేదు. దానిని మళ్ళీ రోడ్డెక్కించాలని మనవడి కోరిక. ఇంజను విప్పి చూసిన మేస్త్రి, “ఈ బ్లాకు పనైపోయింది నాయనా, ఇంకొకటి చూసుకో” అన్నాడు. ఆ మాట విని వెంటనే గుజిరీ అంగడికి పరుగెత్తవలసినదేనా? ఈ పాఠంలో విచారించవలసిన విషయం ఇది.

ఇంజనుకు బ్లాకు వెన్నెముక వంటిది. పిస్టన్లు పైకి, కిందికి కదిలే సిలిండర్లు, వాటి చుట్టూ నీరు ప్రవహించే జాకెట్టు, నూనె పారే సన్నని దారులు, క్రాంక్ షాఫ్టును మోసే బేరింగుల పీఠాలు, అన్నీ ఈ ఒక్క పోత ఇనుప దిమ్మెలోనే ఉంటాయి. మొదట్లో ఇవన్నీ ఒకే పోతగా పోయడం అరుదు. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెసులో నిజాము వాడిన 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఉన్నది. ఆ నమూనా ఇంజనులోని ఆరు సిలిండర్లను మూడేసి చొప్పున రెండు బ్లాకులుగా పోసి, అల్యూమినియం పెట్టె మీద నిలబెట్టారు. హెడ్డు కూడా బ్లాకుతో కలిసియే ఉండేది, విడిగా ఊడదీయడానికి వీలులేదు. అమెరికాలో 1908లో వచ్చిన ఫోర్డు ‘టి’ నమూనా నాలుగు సిలిండర్లను ఒకే పోతలో కలిపి, హెడ్డును విడదీసింది. మరమ్మతు చేసేవారికి ఇది ఎంత మేలు చేసిందో చెప్పనలవి కాదు.

మన అంబాసిడరుకు తొలుత సైడ్‌వాల్వు ఇంజను ఉండేది. 1959లో దాని స్థానంలో బ్రిటనుకు చెందిన బి.ఎం.సి. సంస్థ రూపొందించిన ‘బి’ తరగతి ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చింది. దాని సామర్థ్యం 1,489 ఘన సెంటీమీటర్లు, సిలిండరు వ్యాసం 73.025 మిల్లీమీటర్లు, పిస్టను నడక 88.9 మిల్లీమీటర్లు. ఈ అంకెలను గుర్తుంచుకొంటే మేస్త్రి మాటలోని నిజమెంతో తూచవచ్చు.

సిలిండరు అంతటా ఒకే తీరున అరగదు. పిస్టను పైకి చేరినప్పుడు మొదటి రింగు నిలిచే చోట మంట వేడిమి ఎక్కువ, నూనె తక్కువ. అందువలన అక్కడే అరుగుదల అధికం. వేలితో తడిమితే అంచు దగ్గర చిన్న గట్టు తగులుతుంది. పిస్టను ఒక పక్కకు ఒరుసుకొంటుంది గనుక గుండ్రని రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి మారుతుంది. కనుక ప్రతి సిలిండరును పైన, నడుమ, కింద, రెండు దిక్కులలో బోర్ గేజితో కొలవాలి. కంటికి ఆనినదానిని బట్టి తీర్పు చెప్పరాదు.

అరుగుదల ఒక్కటే అయితే దిగులు పడనక్కరలేదు. రంధ్రాన్ని కొద్దిగా పెద్దదిగా బోరింగు చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. లేతు పనివారు ‘పది థౌ’, ‘ఇరవై థౌ’ అనేది అంగుళంలో వెయ్యవ వంతుల లెక్క. నలభై థౌ అంటే సుమారు ఒక మిల్లీమీటరు. అంత బోరింగు చేసినా మన ఇంజను సామర్థ్యం దాదాపు 1,531 ఘన సెంటీమీటర్లకు చేరుతుందే తప్ప స్వభావం మారదు. అంతకు మించి అరిగితే సిలిండరులో పలుచని ఇనుప స్లీవు దించి, తిరిగి మొదటి కొలతకు తేవచ్చు. అరిగినంత మాత్రాన బ్లాకు పనికిరాదనడం తొందరపాటే.

అసలు భయం బీటలది. చలిదేశాలలో జాకెట్టులోని నీరు గడ్డకట్టి ఉబ్బి బ్లాకును పగులగొడుతుంది. మన సీమలో గడ్డకట్టే చలి లేదు. ఇక్కడి కీడు బోరునీటి రూపంలో వస్తుంది. అనంతపురం ప్రాంతపు భూగర్భజలంలో చాలాచోట్ల లవణాలు ఎక్కువ. ఆ నీటిని ఏళ్ళ తరబడి రేడియేటరులో పోస్తే, కాగుచెంబు అడుగున పట్టినట్టు జాకెట్టు గోడలకు తెల్లని పొర కడుతుంది. వేడి బయటికి పోదు. ధర్మవరం ఎండలో ఇంజను కాగిపోతుంది. కాగిన ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్ళు పోస్తే పోత ఇనుము బీటలిచ్చే ప్రమాదం ఉన్నది. కాబట్టి బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్గులను ఊడదీసి, జాకెట్టు లోపల పేరుకొన్నదానినంతా కడిగించి, ఆ తరువాతనే పరీక్షించాలి. అయస్కాంతం పెట్టి ఇనుప పొడి చల్లితే బీట వెంట ఆ పొడి గీతగా నిలుస్తుంది. నీటి దారులను మూసి, గాలి ఎక్కించి, వేడినీటిలో ముంచితే బుడగలు జాడ చెబుతాయి. బయటి గోడలోని చిన్న బీటను వరుసగా మరలు దించి చల్లగానే కుట్టవచ్చు. వెల్డింగును నమ్మడం కష్టం. పోత ఇనుములో కర్బనం ఎక్కువ గనుక, ఒకచోట కాగి చల్లారినప్పుడు ఆ భాగం పెళుసెక్కి పక్కనే మళ్ళీ పగులుతుంది. క్రాంక్ షాఫ్టును మోసే పీఠంలోనే బీట ఉంటే మాత్రం ఆ బ్లాకును వదులుకోక తప్పదు.

వేరొక బ్లాకు కొనవలసివస్తే చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. బేరింగు క్యాపులను అదే బ్లాకుకు బిగించి ఒకే వరుసలో తొలుస్తారు. ఒకదాని క్యాపులు మరొకదానికి సరిపోవు. క్యాపులు లేని బ్లాకు ఎంత చవకగా వచ్చినా చివరకు ఖరీదైనదే. ఇక పోతలో ఉబ్బెత్తుగా కనిపించే అంకె నమూనాను తెలుపుతుంది. పంచి కొట్టిన ఇంజను నంబరు ఆ ఒక్క ఇంజనుకే చెందుతుంది. ఈ రెండింటినీ ఒకటిగా భావించి మోసపోయేవారున్నారు. నంబరు గీకివేసిన బ్లాకును తాకనే కూడదు. పెనుకొండ కర్మాగారం నుండి వందలాది ఇంజన్లు మాయమైనట్లు 2025లో పోలీసు కేసు నమోదయిన సంగతి పత్రికలు చదివేవారికి తెలిసినదే. కాగితం లేని ఇంజను ఎవరి సొత్తో చెప్పగలవారెవరు?

నంబరు మారితే రిజిస్ట్రేషన్ పత్రంలోనూ మారాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంజను మార్పుకు రవాణా అధికారి అనుమతి అవసరం. దీనికితోడు, 2021 జూలైలో కేంద్రం వింటేజి వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు లేకుండా మూలరూపంలో నిలిచిన వాహనానికే ఆ గుర్తింపు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము ఇరవై వేల రూపాయలు, గడువు పదేళ్ళు. నంబరు పలకపై ‘వి.ఎ.’ అనే అక్షరాలుంటాయి. అటువంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనానికి నడపవచ్చుగాని నిత్యం వాడుకోరాదు. డీజిలు ఇంజనో, 1990లలో అంబాసిడరుకే వచ్చిన ఇసుజు 1,800 ఇంజనో బిగిస్తే బండి హాయిగా పరుగెత్తవచ్చు. రోజూ తిరగడానికైతే అది తెలివైన పనే. కాని ఆ మార్పుతో తాతగారి బండికి వింటేజి గుర్తింపు చేజారుతుంది.

అందుచేత హిందూపురం మనవడు మొదట చేయవలసినది మేస్త్రితో వాదించడం కాదు, కొలతలు అడగడం. “ఎంత అరిగింది మేస్త్రీ? బీట ఎక్కడుంది?” అని అడిగితే జవాబు అంకెల్లో రావాలి. అరుగుదల నలభై థౌ లోపల ఉంటే బోరింగు, దాటితే స్లీవు. పీఠం బీటలిస్తేనే అదే నమూనాకు చెందిన, క్యాపులతో, కాగితాలతో దొరికే మరో బ్లాకు. అప్పుడు కూడా పాత బ్లాకును తూకానికి అమ్మివేయక, నంబరు కనబడేటట్లు కొట్టంలోనే ఉంచుకోవాలి. తిరిగి బిగించిన ఇంజనులో బోరునీరు పోయక, కూలెంటు కలిపిన డిస్టిల్డు నీరు పోసి, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, నూనె మార్చాలి.