ముందు ఆయననే అడగాల్సింది

గత రంజాన్‌కు ముందు మన సొసైటీ తరఫున మూడు చక్రాల సైకిళ్లు పంచాం. ఆ రోజు మేము చేసిన పొరపాటు ఒకటి దాతలైన మీకు చెప్పుకోవాలి. పోలియోతో రెండు కాళ్లూ పోయిన ఒక పెద్దమనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, మేము ఆయన తమ్ముణ్ణి అడిగాం: “ఈయన సంతకం పెడతాడా?”

జవాబు ఆయనే ఇచ్చారు. “పోయింది కాళ్లే సాబ్. నేను దర్జీని.”

తర్వాత తెలిసింది, ఆ సైకిల్ ఆయన ఉండే సందులో పట్టదని. గల్లీ మొదట్లో ఎండకు ఎండుతోంది. ఆయనకు కావలసింది చేత్తో తిప్పే కుట్టు మిషనుకు ఒక మోటారు!

అబస సూరా మనమందరం చదువుతాం. మక్కాలో దైవప్రవక్త (స) ఖురైష్ నాయకులతో మాట్లాడుతుండగా అంధుడైన హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చారు. ప్రవక్త (స) నొసలు చిట్లించి ముఖం తిప్పుకున్నారు. అంధుడికి ఆ ముఖం కనిపించదు. అయినా అల్లాహ్ దాన్ని ఆక్షేపిస్తూ ఆయత్‌లు అవతరింపజేశాడు. వచ్చినాయన దానం కోసం రాలేదు, ధర్మం నేర్చుకోవడానికి వచ్చారు. తర్వాత మదీనాలో ఆయన ముఅజ్జిన్ అయ్యారు. రంజాన్‌లో సహరీ ఆపవలసింది ఆయన అజాన్ విన్నాకే. ప్రవక్త (స) ఊళ్లో లేనప్పుడు నమాజ్ చదివించే బాధ్యత కూడా ఆయనకు అప్పగించారు.

మరి మన మస్జిదులో? చూపులేని భాయ్ కనబడగానే రెక్క పట్టుకుని లాక్కుపోతాం. ముందు సలాం చేసి మన పేరు చెప్పాలి, సాయం కావాలా అని అడగాలి. కావాలంటే మన మోచెయ్యి అందిస్తే ఆయనే పట్టుకుని నడుస్తారు. చక్రాల కుర్చీని అడగకుండా తొయ్యకూడదు. అది వారి ఒంట్లో భాగం లాంటిది. వినపడనివారితో మాట్లాడేటప్పుడు అరవడం దండగ, పెదవులు కనిపించేలా ఎదురుగా నిలబడితే చాలు.

గుడ్డి, కుంటి అని పేర్లకు ముందు తగిలించే అలవాటు ఇంకా పోలేదు. ఎగతాళి పేర్లతో పిలవవద్దని హుజురాత్ సూరా చెప్పింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నలుగురిలో కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు. ఆ చట్టం గుర్తించిన 21 రకాల్లో తలసేమియా వంటివీ ఉన్నాయి, చూడగానే తెలియవు.

ఈసారి పంపిణీకి స్టేజీ కట్టడం లేదు. ఫొటో తీసేముందు అడుగుతాం, వద్దంటే తీయం. దరఖాస్తులో ‘మీకేం కావాలి?’ అనే గడి చేర్చాం. దర్జీగారిని అడిగే, ఆ సైకిల్‌ను వెడల్పాటి వీధిలో ఉండే మరొకరికి ఇచ్చాం. ఆయన మిషనుకు మోటారు బిగించాం.