ట్రాక్టరు ఫైబరు టాపు పగిలిందా?

ట్రాక్టరు పైన వేసుకునే ఫైబరు టాపు సాధారణంగా బోల్టుల దగ్గరే చీలుతుంది. గ్లాసు ఫైబరు మ్యాటు, పాలిస్టరు రెజిను తెచ్చుకుంటే ఇంటి దగ్గరే అతికించుకోవచ్చు. అయితే ఈ అతుకు ఫైబరుకే. నల్ల నీళ్ల ట్యాంకులు, స్ప్రేయరు డబ్బాల వంటి పాలిథిన్ సామానుకు రెజిను పట్టదు, పెచ్చులా ఊడొస్తుంది. డబ్బు దండగ చేసుకోవద్దు. మ్యాటు బదులు పాత చీర గుడ్డ సరిపోతుందిలే అనుకోవడమూ పొరపాటే.

ముందుగా చీలిక చివర చిన్న రంధ్రం వేస్తే అది ఇంకా పాకదు. లోపలివైపు చీలిక చుట్టూ మూడు అంగుళాల మేర 80 నంబరు ఎమరీ కాగితంతో మెరుపు పోయేదాకా గీకి, దుమ్ము, జిడ్డు లేకుండా తుడవాలి.

ఇక కలిపే పని. ఇక్కడే ప్రమాదం ఉంది. రెజినులో కోబాల్టు ముందే కలిపి ఉందో లేదో దుకాణంలో అడగండి. లేకపోతే వాళ్లు చెప్పిన మోతాదులో కోబాల్టు వేసి బాగా కలిపాకే హార్డనరు పోయాలి. కోబాల్టు, హార్డనరు రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలవచ్చు కూడా. 100 గ్రాముల రెజినుకు హార్డనరు 1 నుంచి 2 మి.లీ. చాలు, ఎండాకాలంలో 1 మి.లీ. వేయండి. సూది తీసిన సిరంజితో కొలవండి, ఆ సిరంజి మళ్లీ పశువులకు వాడొద్దు. హార్డనరు చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పడితే వెంటనే పావుగంట సేపు నీళ్లతో కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి.

పావుగంటలో వాడగలిగినంతే కలపండి. మగ్గులో మిగిలింది దానంతటదే వేడెక్కి పొగలు కక్కుతుంది, గడ్డివాము దగ్గర పెట్టొద్దు. ఆరుబయట నీడలో పని చేసుకోండి.

గీకిన చోట రెజిను పూసి, మ్యాటు పరిచి, బ్రష్షుతో పొడుస్తూ అద్దాలి. లాగితే పోగులు లేస్తాయి. తెల్లమచ్చ కనిపించిందంటే అక్కడ గాలి ఉన్నట్టే, మ్యాటు అద్దంలా మారేదాకా అద్దాలి. ఇలా రెండు మూడు పొరలు, ఒక్కోటి కిందిదానికన్నా అంగుళం పెద్దదిగా వేయాలి.

మర్నాడు పైన జిగటగా ఉంటే అసిటోను గుడ్డతో తుడిచి 120, 220 నంబర్ల వాటర్ పేపరుతో తడిపి రుద్దండి. పొడిగా రుద్దితే గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఒళ్లంతా దురద. పోగులు బయటపడితే ఇంకో పలచని పూత వేయాలి. ఎండకు పాడవకుండా రంగు వేసి, బోల్టు కింద రబ్బరు వాషరు పెట్టి బిగించండి. మరీ బిగిస్తే మళ్లీ అక్కడే చీలుతుంది.