‘హారన్ కొట్టరాదు’ అని ఎక్కడ రాయాలి?

పోయిన సెమిస్టర్ సెలవుల్లో మా నానమ్మని హన్మకొండలో ఒక ఆసుపత్రిలో చేర్పించారు. రాత్రి తోడు ఉండటం నా వంతు. వార్డు కిటికీ రోడ్డు వైపే. ఆమెకి కాస్త కునుకు పట్టిందో లేదో, కింద ఎవరో హారన్ కొట్టేవాళ్లు. ఉలిక్కిపడి లేచి "ఎవరొచ్చిండ్రు బిడ్డా?" అని అడిగేది. ఎవరూ రాలేదని ఎన్నిసార్లు చెప్పానో!

అక్కడే కూర్చుని రూల్స్ వెతికాను. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రులు, కాలేజీలు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అందులో పరిమితి పగలు 50 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 40. (మన అదాలత్ జంక్షన్ పేరులోనే కోర్టు ఉంది. ఒకసారి సాయంత్రం పూట అక్కడ నిలబడి చూడండి.)

డెసిబెల్ అంటే మామూలు లెక్క కాదు, లాగ్ స్కేల్. 10 పెరిగితే శబ్ద తీవ్రత 10 రెట్లు అవుతుంది. 50 ఉండాల్సిన చోట 80 ఉంటే తీవ్రత 1000 రెట్లు అన్నమాట.

ఫైన్ కూడా ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 194ఎఫ్ చేర్చారు. హారన్ నిషేధ బోర్డు ఉన్నచోట కొడితే మొదటిసారి 1000 రూపాయలు, మళ్లీ కొడితే 2000.

ఇంత చదివిన నేనేం చేశాను? నానమ్మ డిశ్చార్జ్ అయిన వారానికి అదే రోడ్డు మీద బండి మీద వెళ్తుంటే ముందు షేర్ ఆటో సడన్‌గా ఆగింది. గట్టిగా హారన్ కొట్టేశాను. తల తిప్పితే అదే గేటు. ఎర్ర వలయంలో హారన్ బొమ్మ, దాని మీద అడ్డగీత. బోర్డు ఉంది, కానీ గోడకి అతికించినట్టు రోడ్డుకి సమాంతరంగా ఉంది. పక్కకి వచ్చేదాకా కనబడదు.

లెక్క వేసి చూశాను. గంటకి 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి సుమారు 11 మీటర్లు. గేటుకి ముందున్న ఆ 100 మీటర్లు 9 సెకన్లలో అయిపోతాయి. బోర్డు చదివేసరికి కొట్టాల్సిన హారన్లన్నీ కొట్టేసి ఉంటాం.

2020 జనవరిలో ముంబయి పోలీసులు ఒక ప్రయోగం చూపించారు. సిగ్నల్ దగ్గర మోత 85 డెసిబెల్స్ దాటితే రెడ్ లైట్ టైమర్ మళ్లీ మొదటికొస్తుంది. మా సీఎస్‌ఈ వాళ్లకి భలే నచ్చే ఐడియా, ఒక్క ఇఫ్ కండిషన్ చాలు! కానీ ఎంజీఎం సెంటర్‌లో పెడితే? చుట్టుపక్కల జిల్లాల అంబులెన్సులు వచ్చేది అక్కడికే. ఎవడో హారన్ కొట్టిన పాపానికి వెనక పేషెంట్ ఆగాలి. పైగా సైరన్ మోతకే టైమర్ రీసెట్ అయితే ఇంకేముంది?

నాకైతే ముందు బోర్డు జరపడమే సులువు అనిపించింది. మొన్న ఆ గేటు నుంచి వెనక్కి 100 మీటర్లు అడుగులతో కొలిచాను. సరిగ్గా అక్కడే ఒక కరెంటు స్తంభం ఉంది, వచ్చే బండ్లకి ఎదురుగా. ప్రస్తుతం దానికి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది.