ఎండుచేపల నిలువ – చెడినదానిని గుర్తించు విధము

వానకాలమున ఊడ్పుల దినములలో కూరగాయలు కఱవైనపుడు పలు కర్షకకుటుంబములకు ఎండుచేపయే ఆదరవు. విశాఖపట్టణపు జాలరిపేట స్త్రీలు ఎండబెట్టి అమ్ము నెత్తళ్ళను, కానాగంతలను వేసవిలో కొని దాచుకొనువారు కలరు. దాచుట తెలియనిచో సొమ్మును, ఒక్కొక్కప్పుడు ఆరోగ్యమును గూడ నష్టపోవలసివచ్చును. కావున ముఖ్యాంశముల నిచట వివరించుచున్నాము.

చేప చెడుటకు ప్రధానకారణము తేమ. గాలిలోని తేమ నూటికి 75 పాళ్ళు మించినపుడు ఉప్పు తనంతట నీటిని పీల్చుకొనును. సముద్రతీరమున వానదినములలో తేమ తఱచుగా ఇంతకు మించుచుండును. అందుచేత బాగుగా ఎండిన ఉప్పుచేపయు గాలి తగులునట్లుంచిన మరల మెత్తబడును.

నిలువచేయు విధము: కొన్న సరకును మంచి ఎండలో మరల ఆరబెట్టవలయును. నేలపై గాక ఎత్తైన తడికపై ఆరబెట్టిన ఇసుక అంటదు. వేడిగా నున్నప్పుడే మూతవేసిన లోపల చెమర్చును. కావున చల్లారనిచ్చి, పొడిజాడిలోనో డబ్బాలోనో గట్టిగా మూసి, నేలకు తగులకుండ బల్లపై నుంచవలయును. వానలు తెఱపియిచ్చినపుడెల్ల తీసి ఎండబెట్టవలయును. పాతసరకును ముందు వాడవలయును.

చెడిన గుర్తులు:

1. గులాబిరంగు జిగట. ఇది సముద్రపుటుప్పులో నుండి, ఉప్పుననే పెరుగు సూక్ష్మజీవులవలన కలుగును.

2. మిరియపుపొడి చల్లినట్లు గోధుమరంగు మచ్చలు. ఇది బూజు.

3. పసుపు తిరిగిన కండ, కాఱిన నూనెవాసన. క్రొవ్వుగల చేపలందిది ఎక్కువ.

4. నూగుగల గోధుమరంగు పురుగులు, పొడియై రాలు కండ.

గట్టిజున్నుముద్దపై బూజు తగిలినచో, ఆ చోటు చుట్టును, లోతునను అంగుళము మేర కోసివేసి మిగిలినది వాడవచ్చునందురు. పలుచనైన ఎండుచేపకు ఈ న్యాయము చెల్లదు. కడిగి, ఉప్పు చల్లి, ఎండబెట్టినంతమాత్రమున అది మంచిదికాదు.

కంటికి కనబడని కీడొకటి గలదు. కానాగంత, తూర మున్నగు చేపలను పట్టినపిదప ఉప్పువేయకుండ చాలసేపు వేడిలో నుంచినచో హిస్టమిన్ అను పదార్థము పుట్టును. వండినను, ఎండబెట్టినను అది నశింపదు. తిన్నవారికి ముఖ మెఱ్ఱబడుట, దురద, తలనొప్పి కలుగును. నాలుకపై మిరియమువలె చురుక్కుమనినచో వెంటనే మానివేయవలయును. చురుకు లేనంతమాత్రమున నిర్దోషమని తలపరాదు. దీనికి నివారణ కొనువేళనే గలదు: తాజాచేపనే ఉప్పువేయు నమ్మకమైనవారివద్ద కొనుటయే.

మఱియొక ముఖ్యమైన హెచ్చరిక. ధాన్యపుగాదెలకు వాడు పురుగుమందు నెన్నడును ఎండుచేపపై చల్లరాదు. కడిగినను, వండినను ఆ విషము పూర్తిగా పోదు. చెడిన సరకును కోళ్ళకును వేయరాదు. ఉప్పులేనిదైన ఎరువుగుంటలో పూడ్చవచ్చును. ఉప్పుచేప పైరునకు చెఱుపు.

సభ్యులు కలసి వేసవిలోనే కొని, పై గుర్తులతో పరీక్షించి పంచుకొన్నచో, చెడుసరకు ఏ ఇంటను చేరకుండునని మా విన్నపము.