ఎలక్ట్రాన్లకు తూములు

ఆవేశాన్ని కాలంతో భాగిస్తే విద్యుత్ ప్రవాహం వస్తుందని పదో తరగతిలో బట్టీ పట్టాం. తీగలో ఎలక్ట్రాన్లు కోటానుకోట్లు పోతాయి గనుక ఎవరూ లెక్కపెట్టరు. ఒక్కొక్కటిగా లెక్కపెట్టి పంపగలిగితే? ఆ పని చేయగలిగింది క్వాంటం డాట్.

కొల్లేటి చేపల చెరువులు చూసినవారికి ఇది తేలిక. రెండు చెరువుల మధ్య ఒక్క చేప మాత్రమే పట్టే గుంట, దానికి అటొక తూము, ఇటొక తూము ఉన్నాయనుకోండి. రెండూ ఒకేసారి ఎత్తితే చేపలు వరసగా పోతూనే ఉంటాయి. ఎడమ తూము ఎత్తి, చేప రాగానే దించి, ఆపైన కుడి తూము ఎత్తితే ఒక్కటే దాటుతుంది. ఆ గుంటే క్వాంటం డాట్. అర్ధవాహకంలో నానోమీటర్లలో కొలిచేటంత చిన్న చోటు. తూముల స్థానంలో అడ్డుగోడలు, వాటి ఎత్తును వోల్టేజితో మారుస్తారు.

పోలిక అంతవరకే. ఎలక్ట్రాను గోడ ఎక్కదు, గోడలోంచే దాటుతుంది. దీన్ని టన్నెలింగ్ అంటారు. లోపల ఉన్న ఎలక్ట్రాను రెండోదాన్ని వికర్షించి రానివ్వదు. ఉష్ణశక్తి ఈ వికర్షణను మించకూడదు కాబట్టి ప్రయోగం పరమశూన్యానికి దగ్గరలో జరగాలి.

1991లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో దీన్ని చేసి చూపించారు. తూములు సెకనుకు కోటిసార్లు ఆడితే 1.6 పికో ఆంపియర్లు వస్తుంది. మరీ తొందరపెడితే ఎలక్ట్రాను రాకముందే తలుపు పడుతుంది, లెక్క తప్పుతుంది. అందుకే ప్రవాహం క్షణక్షణం ఎలా మారుతుందో గణించాలి. అసలు కష్టం ఇక్కడే. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన అశోక్ ఛటర్జీ బృందం 2022లో ఇటువంటి గణనే ప్రచురించింది. ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణను, కంపనాలను కూడా అందులో లెక్కలోకి తీసుకున్నారు.

మనకు దీంతో పనేమిటంటారా? హాస్టల్లో అన్నలు వదిలివెళ్ళిన పుస్తకాలే మనకు ఆధారం. వాటిలో ఆంపియరుకు రెండు సమాంతర తీగల మధ్య బలంతో నిర్వచనం ఉంటుంది. 2019 మే 20 నుంచి అది మారింది. ఎలక్ట్రాను ఆవేశాన్ని 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులుగా స్థిరపరచి, దాని నుంచే ఆంపియరును నిర్వచించారు. పాత పుస్తకంలో ఆ పేజీ పక్కన పెన్సిలుతో రాసుకోండి.

తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి.లో సీటు కోరుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక లెక్క. తూములు సెకనుకు వంద కోట్లసార్లు ఆడి, ప్రతిసారీ ఒక్క ఎలక్ట్రానే దాటితే ప్రవాహమెంత?

(జవాబు: సుమారు 160 పికో ఆంపియర్లు)