పాత దస్తావేజులకు ప్రతులు తీసుకొనుట

శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. సుమారు 5,500 ఎకరాల నేల దాని ఆవరణలో చేరింది. పూర్వం ఆ చెలకలకు, కుంటలకు, బావులకు వేర్వేరు పేర్లుండేవి. ఎరిగిన వృద్ధులు తరిగిపోతున్నారు గనుక, ఇక వానిని సేత్వారు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ వంటి కాగితాలలోనే వెదకవలసియున్నది.

ఇంకను పాత పత్రాలకై తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారానికి పోవలెను. షాజహాన్, ఔరంగజేబుల కాలపు పారసీ పత్రాలే అచట లక్షన్నరకు పైగా ఉన్నవి. 1950లో యూసుఫ్ హుసేన్ ఖాన్ సంపాదకత్వాన వెలువడిన షాజహాన్ కాలపు సంపుటం వానిలో ఎన్నిక చేసిన కొన్నింటికే పరిమితం.

ఈ పత్రాలలో పెక్కింటి లిపి షికస్తా. వ్రాయసగాడు తొందరలో చుక్కలు వదలివేస్తాడు. ఒక్క పూటలో చదివి ముగించుట పండితులకే కష్టం. అందుచేతనే, అనుమతి ఉన్నచోట, పరిశోధకుడు తన కెమేరాతో డిజిటల్ ప్రతి తీసుకొని ఇంటివద్ద తీరికగా చదువుట మేలు. మన కళాశాలకు ఇందులో ఒక సౌలభ్యమున్నది. ఉర్దూలో ‘ళ’కారం లేదు, హ్రస్వాచ్చులు సాధారణంగా వ్రాయరు, కావున గ్రామనామాలు తారుమారగును. ఉర్దూ విద్యార్థి అక్షరం చదివితే, తెలుగు విద్యార్థి ఊరిని గుర్తుపట్టగలడు.

మేము మొదటిసారి ఒక కార్యాలయంలో దినమంతా ఛాయాచిత్రాలు తీశాము. ఇంటికి వచ్చి చూడగా ఏ పుట ఏ దస్త్రానిదో తెలియలేదు! నాటినుండి ప్రతి దస్త్రానికి ముందు దాని సంఖ్య వ్రాసిన చీటీని చిత్రిస్తున్నాము. పత్రం వెనుకవైపును మరువరాదు. మొగలు ఫర్మానాల వివరాలు, కార్యాలయ ముద్రలు తరచు అక్కడనే ఉండును. ఫ్లాష్ వాడరాదు. పెళుసుబారిన మడతను బలవంతాన విప్పరాదు, ఆ పుట పోయినా సరే. ఫసలీ సంవత్సరాన్ని మార్చి వ్రాసినా, మూలంలోని అంకెను అట్లే ఉంచవలెను. నిజాం రాజ్యపు ఫసలీకి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు శకం వచ్చును. 1357 ఫసలీ 1947 అక్టోబరులో ఆరంభమైనది.

తీసిన ప్రతులను రెండు మూడు చోట్ల భద్రపరచవలెను. ఒకటి కళాశాల గ్రంథాలయంలో ఉండవలెనని మా కోరిక. అయితే సొంత అధ్యయనానికి ఇచ్చిన అనుమతి ఇతరులకు పంచుటకు చెల్లదు. కమిటీవారు ఆ సంగతిని ముందుగానే వ్రాతమూలకంగా అడిగి తెలుసుకొనిన పక్షమున, వచ్చే సెలవులలో విద్యార్థులను తార్నాకకు పంపవచ్చును.