బైక్ ముందు షాకబ్జర్లు ఇంట్లోనే రీబిల్డ్ చేయడం ఎలా? అప్‌గ్రేడ్‌కి డబ్బులు పెట్టే ముందు ఫోన్‌తో చేయాల్సిన టెస్టులు

కొత్త ఫోన్ కొనేముందు బెంచ్‌మార్క్ స్కోర్లు చూస్తాం, కెమెరా శాంపిల్స్ పక్కపక్కన పెట్టి పోలుస్తాం. బైక్ దగ్గరికొచ్చేసరికి అదంతా మర్చిపోతాం. ముందు వైపు కాస్త మెత్తగా అనిపిస్తే చాలు, "గట్టి స్ప్రింగ్ వేయిద్దాం", "చిక్కటి ఆయిల్ పోయిద్దాం" అని మొదలుపెడతాం. చాలా బైకులకి నిజంగా కావాల్సింది అప్‌గ్రేడ్ కాదు, రీబిల్డ్. అంటే పాత ఆయిల్, అరిగిన సీళ్లు తీసేసి కొత్తవి వేయడం. అది అయ్యాక కొలిచి చూస్తే, అప్‌గ్రేడ్ అవసరమో కాదో నంబర్లే చెప్తాయి.

మన రోడ్ల మీద సీళ్లు ఎందుకు పోతాయి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఒక్కరోజు తిరిగితే అన్ని రకాల రోడ్లూ తగులుతాయి. కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి మీదుగా 44వ నంబర్ హైవే. హైవే దిగగానే ఊళ్లో స్పీడ్ బ్రేకర్లు. చేను దారిలో ఎర్రమట్టి దుమ్ము. నాట్ల టైంలో ట్రాక్టర్ కేజీ వీల్స్ రోడ్డు మీద వదిలే బురద. ఆ బురద ఫోర్క్ పైపు మీద ఎండి గట్టిపడుతుంది. షాకబ్జర్ కిందికి దిగిన ప్రతిసారీ అది సీల్ పెదవిని గీరుతుంది. కొన్నాళ్లకి పైపు మీద జిడ్డు గీత కనపడుతుంది. లీకేజీ అక్కడే మొదలైందన్నమాట.

దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. కారిన ఆయిల్ కిందికి జారి డిస్క్ మీదికో, బ్రేక్ ప్యాడ్ల మీదికో చేరితే ముందు బ్రేక్ పట్టదు. మన్ననూరు దగ్గర నల్లమల ఘాట్ దిగుతున్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆయిల్ పీల్చిన ప్యాడ్లని కడిగి వాడొద్దు, మార్చేయాలి.

స్ప్రింగ్ పని వేరు, ఆయిల్ పని వేరు

బరువు మోసేది స్ప్రింగ్. ఆ కదలిక వేగాన్ని అదుపు చేసేది ఆయిల్. కాబట్టి బరువుకి ముందు భాగం బాగా దిగిపోతుంటే చిక్కటి ఆయిల్ పోసి లాభం లేదు. బైక్ అంతే దిగుతుంది, కాకపోతే నెమ్మదిగా దిగుతుంది.

మన కమ్యూటర్ బైకుల్లో ఎక్కువగా ఉండేది డ్యాంపర్ రాడ్ ఫోర్క్. అందులో ఆయిల్ చిన్న రంధ్రాల గుండా దూరి వెళ్లాలి. కదలిక వేగం రెండింతలైతే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. అందుకే చిక్కటి ఆయిల్ పోస్తే బ్రేక్ వేసినప్పుడు ముందుకు వంగడం తగ్గుతుంది గానీ, పదునైన గుంత తగిలితే దెబ్బ నేరుగా మణికట్టుకి వస్తుంది.

ఫోన్‌తో రెండు టెస్టులు

మొదటిది స్లో మోషన్. ఫ్రెండ్ చేతికి ఫోన్ ఇచ్చి సెకనుకు 240 ఫ్రేముల మోడ్‌లో వీడియో తీయమనండి. మీరు ముందు బ్రేక్ పట్టుకుని హ్యాండిల్‌ని బలంగా కిందికి నొక్కి వదలండి. పైకి లేచి కుదురుకుంటే ఓకే. రెండు మూడు సార్లు ఊగితే ఆయిల్ పలచబడింది, లేదా తగ్గింది.

రెండోది శాగ్ కొలత. ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు డస్ట్ సీల్ నుంచి పైనున్న ఫోర్క్ టీ దాకా పైపు పొడవు కొలవండి. తర్వాత బైక్‌ని చక్రాల మీద నిలబెట్టి, మామూలుగా వేసుకునే బట్టలు, హెల్మెట్‌తో కూర్చుని మళ్లీ కొలిపించండి. తేడానే శాగ్. మొత్తం ట్రావెల్‌లో ఇది 25 నుంచి 30 శాతం ఉంటే మంచిది. 130 మి.మీ. ట్రావెల్ ఉన్న క్లాసిక్ 350కి 33 నుంచి 39 మి.మీ., 200 మి.మీ. ఉన్న హిమాలయన్ 411కి 50 నుంచి 60 మి.మీ. అన్నమాట.

ఒక జాగ్రత్త: టెస్ట్ రైడ్‌లో ఫోన్‌ని హ్యాండిల్‌కి బిగించొద్దు. బైక్ ఇంజిన్ వైబ్రేషన్ల వల్ల ఐఫోన్ కెమెరా స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని 2021 సెప్టెంబర్‌లో ఆపిల్ స్వయంగా హెచ్చరించింది. జేబులో పెట్టుకోండి.

రీబిల్డ్: స్టెప్ బై స్టెప్

ఇది మామూలు టెలిస్కోపిక్ ఫోర్క్‌కి మాత్రమే. తలకిందుల ఫోర్క్ అయితే స్పెషల్ టూల్స్ కావాలి, సర్వీస్ సెంటర్‌కి ఇవ్వడమే మేలు.

1. బైక్‌ని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రం లేపండి. ఊపి చూడండి, కదలకూడదు. పక్కన ఇంకొకరు ఉండాలి.

2. పైపు ఫోర్క్ టీ పైన ఎంత బయటికి వచ్చిందో ఫోటో తీసి, కొలిచి రాసుకోండి. పై టీ బోల్ట్ వదులు చేసి, కింద టీ బిగుతుగా ఉండగానే టాప్ క్యాప్‌ని కొంచెం మాత్రం వదులు చేయండి. స్ప్రింగ్ ఒత్తిడి ఇంకా ఉండగానే బాటమ్ కేస్ అడుగునున్న అలెన్ బోల్ట్‌ని కూడా కాస్త కదిలించండి. స్ప్రింగ్ తీసేశాక తిప్పితే లోపలి రాడ్ కూడా దాంతో పాటే తిరుగుతుంది.

3. చక్రం, క్యాలిపర్ తీయండి. క్యాలిపర్‌ని తాడుతో కట్టేయండి, గొట్టానికి వేలాడనివ్వొద్దు. చక్రం లేనప్పుడు బ్రేక్ లివర్ ముట్టుకోవద్దు, పిస్టన్లు బయటికొస్తాయి.

4. ఫోర్క్ బయటికి తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, టాప్ క్యాప్‌ని అరచేత్తో నొక్కి పట్టి విప్పండి. స్ప్రింగ్ ఎగిరి ముఖానికి తగిలే ప్రమాదం ఇక్కడే ఉంది. ఆయిల్‌ని డబ్బాలోకి వంపండి.

5. అలెన్ బోల్ట్ పూర్తిగా తీసి పైపుని బయటికి లాగండి. డస్ట్ సీల్, లాక్ క్లిప్, ఆయిల్ సీల్ తీయండి. బాటమ్ కేస్ అంచుకి గీత పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి.

6. పైపు మీద గోరుతో మెల్లగా గీయండి. సీల్ తిరిగే చోట గోరు తట్టుకుంటే తుప్పు గుంటలున్నట్టే. అలాంటి పైపు మీద కొత్త సీల్ కూడా నిలవదు. పైపుని అద్దం పలక మీద దొర్లించి వంపు కూడా చూడండి.

7. పైపు అంచుకి పలచటి ప్లాస్టిక్ కవర్ చుట్టి, ఫోర్క్ ఆయిల్ రాసి కొత్త సీల్ ఎక్కించండి. అక్షరాలున్న వైపు పైకి ఉండాలి. సరైన సైజు పీవీసీ పైపు ముక్కతో చుట్టూ సమానంగా తట్టండి. అడుగు బోల్ట్‌కి కొత్త రాగి వాషర్ వేయండి.

8. ఆయిల్ గ్రేడ్, కొలత మాన్యువల్‌లో ఉన్నట్టే పాటించండి. సిరంజితో పోసి, గాలి పోయేదాకా పైపుని పైకి కిందికి ఆడించండి. స్ప్రింగ్ లేకుండా పైపు పూర్తిగా దించి, పై అంచు నుంచి ఆయిల్ ఎంత లోతులో ఉందో కొలవండి. రెండు వైపులా ఒకటే రావాలి. ఎక్కువ పోస్తే లోపల గాలికి చోటు తగ్గి, గట్టి గుంతకి సీల్ మళ్లీ పోతుంది.

9. బిగించేటప్పుడు టార్క్ రెంచ్ వాడండి. యాక్సిల్ చివరి బిగింపుకి ముందు ఫోర్క్‌ని నాలుగైదు సార్లు నొక్కితే రెండు కాళ్లూ సరిగ్గా కుదురుకుంటాయి. బయల్దేరే ముందు లివర్ గట్టిపడేదాకా బ్రేక్ పంప్ చేసి, నెమ్మదిగా నడిపి బ్రేక్ చూసుకోండి.

పాత ఆయిల్‌ని చేలోనో, జూరాల కాలువలోనో పారబోయొద్దు. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి.

ఇప్పుడు అప్‌గ్రేడ్ సంగతి

రెండు టెస్టులూ మళ్లీ చేయండి. శాగ్ 10 మి.మీ. ఎక్కువుంటే, స్ప్రింగ్ పైన అంతే మందం స్పేసర్ వేస్తే దాదాపు సరిపోతుంది. ఇంకా ఎక్కువ తేడా ఉంటేనే గట్టి స్ప్రింగ్ గురించి ఆలోచించండి. శాగ్ బాగున్నా ఊగుతుంటే ఆయిల్ ఒక గ్రేడ్ పెంచి చూడండి. వేగంగా గుంతలు దాటేటప్పుడు మాత్రమే కొడుతుంటే కార్ట్రిడ్జ్ ఎమ్యులేటర్ పనికొస్తుంది, ఎందుకంటే గట్టి దెబ్బకి అది అదనపు దారి తెరుస్తుంది. వంద సీసీ బైక్‌కి ఆ ఖర్చు వృథా.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఆయిల్, స్ప్రింగ్, స్పేసర్ మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తెలియదు. ఇక రోజూ చేయాల్సింది ఒక్కటే: బురదలో తిరిగొచ్చాక తడిగుడ్డతో ఫోర్క్ పైపులు తుడవండి. కొత్త సీళ్లు ఎక్కువ కాలం రావాలంటే అదే అసలైన అప్‌గ్రేడ్.